వైన్‌లో చెడు వాసనలు: గుర్తింపు, కారణాలు

వైన్ చెడిపోయిందని మొదట చెప్పేది ముక్కు. నాలుకకు పులుపు, తీపి, చేదు వంటి నాలుగైదు రుచులే అందుతాయి. మిగిలిన కథంతా వాసనదే. తోటలో కాయ పండిన నాటి నుంచి గ్లాసులోకి వైన్ వంపే దాకా సూక్ష్మజీవి, గాలి, వెలుతురు, వేడి, కలప, బిరడా వీటిలో ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట హద్దు మీరితే, దాని ఆనవాలు వాసనలో మిగిలిపోతుంది. ఇటువంటి వాసనలను వైన్ తయారీదారులు దోషాలు అంటారు. తాగేవారికి తరచుగా ఎదురయ్యేవి వాటిలో పదికి మించవు.

తెలుగు వంటింట్లో పెరిగిన ముక్కుకు ఈ వాసనలు మరీ కొత్తవేమీ కావు. మెంతులు, బాస్మతి అన్నం, తొలకరికి తడిసిన మట్టి, గ్యాస్ సిలిండర్ లీకేజీ: వీటికి ఆ వాసన తెచ్చే పదార్థాలే వైన్‌లోనూ పుడతాయి. మెంతికూరలో మనం కోరుకునేది తెల్ల వైన్‌లో దోషమవుతుంది. అదే పదార్థం ఫ్రాన్సులోని ఒక కొండప్రాంతపు వైన్‌లో మళ్లీ గొప్పదనమవుతుంది. ఎంత ఉంది, ఏ వైన్‌లో ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలియనిదే ఏ వాసననూ దోషమని తేల్చలేం.

చెడు వాసనలతో పోరాటం చాలా పాతది. క్రీ.పూ. రెండో శతాబ్దపు రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో దీనికి ఒక చిట్కా రాశాడు. పెంకు ముక్కను నిప్పుల్లో బాగా కాల్చి, దానికి కీలు పూసి, తాడు కట్టి వైన్ జాడీ అడుగుదాకా దించాలి. జాడీకి మూత బిగించి రెండు రోజులు ఉంచాలి. వాసన పోకపోతే మళ్లీ అదే పని చేయాలి. పనిచేసిందో లేదో గాని, వాసనను దాచేందుకు మరో వాసన కలపడం అప్పట్లో మామూలే. కారణాన్ని వెతకడం పంతొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. ఫ్రెంచి వైన్లు ఎగుమతి దారిలోనే పాడవుతున్నాయని చక్రవర్తి మూడో నెపోలియన్ 1863లో లూయీ పాశ్చర్‌ను ఆ పనికి పురమాయించాడు. పాశ్చర్ తాను పెరిగిన ఆర్బువా ఊళ్లోనే సూక్ష్మదర్శిని పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో రోగానికి ఒక్కో సూక్ష్మజీవి కారణమని చూపుతూ 1866లో పుస్తకం వెలువరించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమాటోగ్రఫీ వచ్చి, సూక్ష్మజీవి విడిచిన పదార్థాన్ని కూడా పేరుపెట్టి పిలవగలిగింది.

బిరడా దోషం

అన్నిటికంటే పేరుమోసిన దోషం ఇది. తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గోనెసంచి, ముసురులో ఆరని గుడ్డ, ఏళ్లుగా తలుపు తీయని గదిలోని పాత పుస్తకాలు: ఇవి గుర్తొస్తే అనుమానం బిరడా మీదకే పోవాలి. కారణం 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్, పొట్టిగా టి.సి.ఏ. స్విట్జర్లాండ్‌లో హన్స్ టానర్, ఆయన సహచరులు 1980ల తొలినాళ్లలో దీన్ని గుర్తించారు. లీటరుకు అయిదు నానోగ్రాములుంటే చాలు, చాలామంది ముక్కుకు తెలిసిపోతుంది. లెక్క వేస్తే 20 కోట్ల లీటర్ల వైన్‌ను పాడుచేయడానికి ఒక్క గ్రాము చాలన్నమాట.

బిరడాలు చేసే కార్కు ఓక్ జాతి చెట్టు బెరడు. ప్రపంచపు కార్కులో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టు బెరడులోనో, నిల్వచేసిన చోటో క్లోరోఫినాల్ అనే పదార్థాలుంటే, అక్కడ చేరిన బూజు తనకు విషమైన వాటిని కాస్త మార్చి టి.సి.ఏ.గా వదిలేస్తుంది. అంటే బూజు తన ప్రాణం కాపాడుకునే ప్రయత్నంలో మన సీసా పాడవుతోంది. ఒకప్పుడు బిరడాలను తెల్లగా చేయడానికి క్లోరిన్ వాడేవారు; ఆ అలవాటే సమస్యను పెంచింది. ఇప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడుతున్నారు. వైన్ గోదాముల్లో బ్లీచింగ్ పౌడరును గుమ్మం దాటనివ్వరు.

తప్పు ఎప్పుడూ బిరడాదే అనుకోవడం మాత్రం న్యాయం కాదు. పైకప్పు దూలాలకు, చెక్క పలకలకు చెదలు పట్టకుండా పూసిన మందుల్లోనూ క్లోరోఫినాల్‌లు ఉండేవి. అలాంటి గోదాములో గాలే మురికైపోతుంది. సీసాలోకి చేరకముందే పీపాల్లోని వైన్‌కు ఆ కంపు ఎక్కుతుంది. బోర్డో శాస్త్రవేత్త పాస్కల్ షతోనే 2004లో దీనికి బంధువైన ట్రైబ్రోమోఅనిసోల్‌ను కూడా ఇదే వరుసలో చేర్చాడు. నిప్పంటుకోకుండా వాడే రసాయనాలు, కలప మందులు దీనికి మూలం. గోదాము మొత్తం ఇలా పాడైతే స్క్రూ మూత వేసిన సీసా కూడా తప్పించుకోలేదు.

టి.సి.ఏ. తక్కువ మోతాదులో ఉన్నప్పుడు మరింత మోసం చేస్తుంది. బూజు వాసనేమీ తెలియదు. వైన్‌లోని పండు వాసన మాత్రం అణగిపోతుంది. తాగినవారు ఈ వైన్ ఇంతేనేమో అనుకుని ఇంకెప్పుడూ ఆ పేరు కొనరు. తయారీదారులకు అసలు నష్టం ఇక్కడే. దీనికి కారణాన్ని జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో సూచించారు: న్యూట్ అనే ఉభయచర జీవి ముక్కు కణాలపై పరీక్షిస్తే, టి.సి.ఏ. ఆ కణాల పనినే అణచివేస్తున్నట్టు తేలింది. దీనర్థం, ఈ పదార్థం తన కంపును చేర్చడంతో సరిపెట్టుకోకుండా ఇతర వాసనలను ముక్కుకు అందనివ్వకుండా కూడా చేస్తుంది.

ఎన్ని సీసాలు ఇలా పాడవుతాయన్న దానిమీద గొడవ తెగలేదు. కార్కు కంపెనీలు వందకు ఒకటి అంటే, రుచి చూసేవారు అయిదు, ఆపైన అంటూ వచ్చారు. విసిగిపోయిన ఆస్ట్రేలియా క్లేర్ వ్యాలీ రీస్లింగ్ తయారీదారులు 2000లో కలిసికట్టుగా స్క్రూ మూతకు మారారు. మరుసటి ఏడు న్యూజిలాండ్‌లో దానికోసం ఉద్యమమే మొదలైంది. ఆ దెబ్బకు కార్కు పరిశ్రమ మేలుకుంది. కార్కును పొడి చేసి అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడ్‌తో కడిగి మళ్లీ అతికించడం, ఒక్కో బిరడానూ యంత్రంతో వాసన చూడడం ఆ తర్వాత వచ్చిన పద్ధతులే. ఇరవయ్యేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు దోషం తగ్గిందన్న మాట నిజం. పోయిందన్న మాట నిజం కాదు.

గాలి ఎక్కువైతే

వైన్‌కు గాలి తగిలితే ఆల్కహాలు నుంచి అసిటాల్డిహైడ్ పుడుతుంది. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క, దెబ్బ తగిలి నల్లబడిన ఆపిల్ గుర్తొస్తాయి. లీటరుకు 100 మిల్లీగ్రాముల ప్రాంతంలో ముక్కుకు తెలుస్తుంది. వాసనతోపాటు రంగూ మారుతుంది: తెల్ల వైన్ ముదురు పసుపు నుంచి గోధుమకు, ఎర్ర వైన్ ఇటుక రంగుకు. నిన్న రాత్రి తెరిచి సగం వదిలేసిన సీసాలో ఈ వాసన సహజం. అప్పుడే తీసిన సీసాలో ఉంటే బిరడా గాలిని ఆపలేకపోయిందనుకోవాలి. స్పెయిన్‌లోని ఫినో షెర్రీలో ఇదే అసిటాల్డిహైడ్ రెండు మూడింతలుంటుంది, అక్కడ అది ఉండి తీరాలి. పీపాలో వైన్ మీద ఈస్ట్ తెల్లటి పొరలా పేరుకుని దాన్ని తయారుచేస్తుంది.

ఇక మెంతుల సంగతి. మెంతుల వాసనకు ముఖ్యమైన పదార్థం సొటోలాన్. మెంతులు ఎక్కువగా తిన్నవారి చెమటకు వచ్చే వాసన కూడా దానిదే. తెల్ల వైన్ వయసు రాకముందే ముసలిదైతే ఇది పుడుతుంది. ఫ్రాన్సులోని బర్గండీ తెల్ల వైన్లు పదిహేను, ఇరవయ్యేళ్లు నిలుస్తాయని పేరు. అలాంటివి 1990ల నడిమి పంటల నుంచి ఏడెనిమిదేళ్లకే గోధుమరంగుకు తిరిగి మెంతులు, తేనె, ఎండిన గింజల వాసన కొట్టసాగాయి. వేలకు వేలు పోసి దాచుకున్నవారు లబోదిబోమన్నారు. కారణం ఒక్కటని ఎవరూ తేల్చలేకపోయారు: గాలి నుంచి కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ మోతాదు తగ్గించడం, బిరడాల నాణ్యత, ద్రాక్షను పిండే తీరు, పీపాలో మడ్డిని మరీ ఎక్కువగా కలియబెట్టడం, అన్నీ అనుమానితులే. బర్గండీకి తూర్పున, పాశ్చర్ ఆర్బువా ఉన్న జూరా ప్రాంతంలో వాన్ జోన్ అనే పసుపు వైన్‌ను ఆరేళ్ల మూడు నెలలు పీపా నింపకుండా వదిలేస్తారు. దానికి గర్వకారణం ఈ సొటోలానే. రెండు ప్రాంతాల మధ్య దూరం కొద్ది గంటల ప్రయాణం.

గాలితోపాటు అసిటోబాక్టర్ బ్యాక్టీరియా చేరితే వైన్ వినెగారు దారి పడుతుంది. అసిటిక్ ఆమ్లం ప్రతి వైన్‌లోనూ కొంత ఉంటుంది. యూరోపియన్ యూనియన్ చట్టం తెల్ల వైన్‌కు లీటరుకు 1.08 గ్రాములు, ఎర్ర వైన్‌కు 1.2 గ్రాములు దాటరాదంటుంది. కొన్ని తీపి వైన్లకు మినహాయింపులున్నాయి. ముక్కుకు ముందు అందేది మాత్రం ఆమ్లం కంటే దాని వెంట పుట్టే ఇథైల్ అసిటేట్. నెయిల్ పాలిష్ రిమూవర్, సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేసే జిగురు దీనికి దగ్గర వాసనలు. కుళ్లిన గుత్తుల్ని ఏరకుండా వేయడం, పండు ఈగలు మూగనివ్వడం, పీపాను నింపకుండా వదలడం దీని పుట్టిళ్లు. ఒకసారి వచ్చాక పోగొట్టే చవకైన దారి లేదు.

గంధకం కుటుంబం

గాలి ఎక్కువైతే ఒక బాధ, మరీ తక్కువైతే ఇంకో బాధ. కుళ్లిన కోడిగుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. లీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాములకే తెలిసిపోతుంది. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్ట్‌కు నత్రజని ఆహారం చాలకపోతే, అది గంధకపు పదార్థాలను విరగ్గొట్టి ఈ వాయువును వదులుతుంది. లీటరు రసంలో ఈస్ట్ వాడుకోగల నత్రజని సుమారు 150 మిల్లీగ్రాములన్నా ఉండాలంటారు. లేకపోతే డయమోనియం ఫాస్ఫేట్ కలుపుతారు. తెలుగు రైతుకు డి.ఎ.పి. ఎరువుగా తెలిసినదీ ఈ రసాయనమే, వైన్‌కు వాడేది ఆహార శ్రేణిది. బూడిద తెగులుకు తోటలో చల్లిన గంధకం కోతకు ముందు కాయల మీద మిగిలిపోయినా ఇదే ఫలితం.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తొలిదశలోనే పట్టుకుంటే పని సులువు. వైన్‌ను ఒక తొట్టి నుంచి మరోదానికి గాలి తగిలేలా మారిస్తే చాలావరకు ఎగిరిపోతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే మెర్కాప్టాన్‌లుగా మారుతుంది. అక్కడి నుంచి ఉల్లి, వెల్లుల్లి, ఉడికి పాచిపోయిన క్యాబేజీ, కాలిన రబ్బరు వాసనలు. ఇథైల్ మెర్కాప్టాన్ మన అందరికీ తెలిసినదే. వాసనలేని వంటగ్యాస్ లీకైతే ఇంట్లోవారికి తెలియాలని సిలిండర్లలో కలిపేది అదే. మన ముక్కు దాన్ని ఎంత సూక్ష్మంగా పసిగడుతుందో దీన్నిబట్టే ఊహించవచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి ఇంట్లో చేయగల పరీక్ష ఉంది. రెండు గ్లాసుల్లో కాస్త కాస్త వైన్ పోసి, ఒకదానిలో శుభ్రంగా తోమిన రాగి ముక్క వేసి తిప్పాలి. కొద్ది నిమిషాల్లో ఆ గ్లాసులో వాసన తగ్గి, పండు వాసన తేలితే దోషం గంధకానిదే. రాగి ఆ పదార్థాలను పట్టుకుని కరగని ఉప్పుగా మారుస్తుంది. ఇది పరీక్ష మాత్రమే, వైద్యం కాదు. రాగి వేసిన గ్లాసు పారబోయాలి. తయారీదారులు అతి కొద్దిగా కాపర్ సల్ఫేట్ వాడతారు. మెర్కాప్టాన్‌లు గాలి తగిలి డైసల్ఫైడ్‌లుగా మారిపోయాక రాగి కూడా ఏమీ చేయలేదు. మొద్దుబారిన వాసనతో ఆ వైన్ అలాగే ఉండిపోతుంది.

అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వేరు. ముక్కులో గుచ్చినట్టుండే ఆ ఘాటు సల్ఫర్ డయాక్సైడ్‌ది. వైన్‌ను గాలి నుంచి, సూక్ష్మజీవుల నుంచి కాపాడేది అదే. ఖాళీ పీపాలో గంధకపు వత్తి వెలిగించే అలవాటును పదిహేడో శతాబ్దపు డచ్చి వర్తకులు ఫ్రాన్సులో వ్యాపింపజేశారు. వాసన ఉంటే మోతాదు కాస్త ఎక్కువైందని అర్థం. గ్లాసు తిప్పితే చాలాసార్లు పోతుంది.

గుర్రపుశాల వాసన

ఎర్ర వైన్‌లో గుర్రపుశాల, పాత తోలు, ఆసుపత్రి కట్లు, బ్యాండ్-ఎయిడ్, చెమట గుర్తొస్తే అది బ్రెటానోమైసీస్ అనే ఈస్ట్ పని. వైన్‌వాళ్లు ముద్దుగా బ్రెట్ అంటారు. దీన్ని మొదట కనుగొన్నది వైన్‌లో కాదు, బీరులో. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీలో పనిచేసే హెల్టె క్లాసెన్ 1904లో ఇంగ్లండు బీర్లకు ఆ ప్రత్యేక రుచి తెచ్చేది ఇదేనని ప్రకటించాడు. అంటే ఈ ఈస్ట్ లోకానికి పరిచయమైందే సుగుణంగా.

ద్రాక్ష తొక్కలోని ఫినాలిక్ ఆమ్లాలను బ్రెట్ 4-ఇథైల్‌ఫినాల్, 4-ఇథైల్‌గ్వయకాల్‌గా మారుస్తుంది. మొదటిది పశువుల పాక వాసన, రెండోది లవంగం, పొగ కలిసిన వాసన. షతోనే బృందం 1990ల మొదట్లో వేసిన లెక్క ప్రకారం రెండూ కలిసి లీటరుకు 400 మైక్రోగ్రాముల పైచిలుకు చేరితే ఎర్ర వైన్‌లో దోషం తెలుస్తుంది. ఈ ఈస్ట్ ఓపిక గొప్పది. మిగతా ఈస్ట్‌లు చక్కెర అయిపోయి చనిపోయాక ఇది మిగిలిన పిసరంత చక్కెరతో, పీపా చెక్కలోని చక్కెరతో కూడా నెలల తరబడి బతుకుతుంది. కలపలో కొన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది కనుక పాత పీపాను కడిగినంత మాత్రాన పోదు. పులుపు తక్కువగా, సల్ఫర్ డయాక్సైడ్ తక్కువగా, గోదాము వెచ్చగా ఉంటే దానికి పండగే.

కొద్దిపాటి బ్రెట్ వైన్‌కు గాంభీర్యం తెస్తుందని దక్షిణ ఫ్రాన్సులో వాదించేవారున్నారు. ఆస్ట్రేలియా వైన్ శాస్త్రవేత్తలకు అది శుద్ధ తప్పు. ఈ వ్యాసకర్త మొగ్గు రెండో పక్షానిదే: సీసాలో బతికి ఉన్న బ్రెట్ ఎక్కడ ఆగుతుందో తయారీదారుడికి కూడా తెలియదు, ఒకే పెట్టెలోని రెండు సీసాలు రెండు రకాలుగా తయారవుతాయి.

ఎలుక కంపు

ఇది అన్నిట్లోకీ విచిత్రమైనది. ముక్కు దగ్గర గ్లాసు పెట్టుకుంటే ఏమీ తెలియదు. గుటక వేశాక పది, ఇరవై సెకన్లకు గొంతు వెనుక నుంచి ఎలుక బోను, పేలాలు, పాచిపోయిన బియ్యపు రవ్వ వంటి వాసన లేచి వదలకుండా కూర్చుంటుంది. కారణమైన మూడు పదార్థాలలో ఒకటి 2-అసిటైల్-1-పైరోలిన్. బాస్మతి బియ్యానికి, పండాన్ ఆకుకు సువాసన తెచ్చే పదార్థం అదే. మిగిలిన రెండూ టెట్రాహైడ్రోపిరిడిన్‌లు. వైన్ పులుపులో ఇవి విద్యుదావేశం పొంది ద్రవంలోనే కట్టుబడి ఉంటాయి, ఆవిరి కావు. నోట్లో లాలాజలం పులుపును తగ్గించగానే విడుదలవుతాయి. ఆలస్యానికి కారణం ఇదే. లాలాజలం తీరు మనిషి మనిషికీ వేరు కాబట్టి ఒకే బల్ల దగ్గర ఒకరు మొహం చిట్లిస్తే పక్కవారికి ఏమీ తెలియకపోవచ్చు. అరచేతిలో ఒక చుక్క వేసి రుద్ది వాసన చూడడం, చిటికెడు వంటసోడా కలిపి చూడడం పరీక్షించేవారి పద్ధతులు.

లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, బ్రెట్ రెండూ దీన్ని చేయగలవు. సల్ఫర్ డయాక్సైడ్ సరిగా వాడిన వైన్‌లో ఇది అరుదు. సహజ వైన్ పేరుతో దాన్ని పూర్తిగా మానేసే ధోరణి ఈ శతాబ్దంలో పెరగడంతో, మరుగునపడిన ఈ దోషం మళ్లీ బల్ల మీదికొచ్చింది. ఏమీ కలపలేదన్న గొప్ప ఎలుక కంపుకు సమాధానం కాజాలదు.

లాక్టిక్ బ్యాక్టీరియా పేరు వచ్చింది కనుక మరో రెండు మాటలు. వెన్న వాసన తెచ్చే డయాసిటైల్ వాటి పుణ్యమే. కాలిఫోర్నియా షార్డొనేలో కొంత ఇష్టపడతారు, మితిమీరితే వెగటు. తీపి వైన్ మళ్లీ పులియకుండా సార్బిక్ ఆమ్లం కలిపిన చోట ఇవి చేరితే నలిపిన జెరేనియం ఆకు వాసన పుడుతుంది. దానికి మందు లేదు.

తోట నుంచి వచ్చేవి

తయారీలో ఏ తప్పూ జరగకపోయినా పండుతోనే దోషం రావచ్చు. 2003లో ఆగ్నేయ ఆస్ట్రేలియాను చుట్టుముట్టిన కార్చిచ్చు తర్వాత, ఒక్క తీగ కూడా కాలని తోటల వైన్లలో సిగరెట్ బూడిద వాసన వచ్చింది. పొగలోని గ్వయకాల్ వంటి పదార్థాలను కాయ పీల్చుకుని, చక్కెరతో ముడివేసి దాచుకుంటుంది. ముడిపడినప్పుడు వాసన లేదు. పులిసేటప్పుడు కొంత, సీసాలో మరికొంత, ఆఖరికి నోట్లోని సూక్ష్మజీవుల చేతిలో ఇంకొంత ముడి విడిపోతుంది. అందుకే రసం రుచి చూసి బాగుందనుకున్నది వైన్ అయ్యాక బయటపడుతుంది. 2020 కార్చిచ్చుల తర్వాత కాలిఫోర్నియా నాపాలో కొందరు ఆ ఏటి ఎర్ర వైన్‌ను సీసాల్లో నింపనే లేదు.

కెనడాలోని ఒంటారియోలో 2001 పంటకు అక్షింతల పురుగులు శాపమయ్యాయి. పేనుబంకను తింటాయని తెచ్చిన ఆసియా జాతి పురుగులు కోతకాలంలో ద్రాక్ష గుత్తుల్లో దూరాయి, గుత్తులతోపాటు నలిగాయి. బెదిరితే అవి విడిచే మెథాక్సీపైరజీన్ లీటరుకు కొన్ని నానోగ్రాములుంటే చాలు, వైన్ పచ్చి వేరుశనగ, పచ్చి బఠాణీ తొక్క వాసన కొడుతుంది. ఇదే కుటుంబపు మరో పదార్థం కబెర్నే ద్రాక్షలో సహజంగా ఉండి క్యాప్సికమ్ వాసన ఇస్తుంది. కాయ పండకుండా కోస్తే అది ఎక్కువవుతుంది.

తొలకరి మట్టివాసన తెచ్చే జియోస్మిన్ కుళ్లిన గుత్తుల్లో బూజుల వల్ల పుడుతుంది. వైన్‌లో అది బీట్‌రూట్, బురద గుర్తుచేస్తుంది. ఇక జామాయిల్ సంగతి: ఆస్ట్రేలియాలో తోటల గట్ల మీది జామాయిల్ చెట్ల నుంచి సినియోల్ అనే నూనె గాలికి వచ్చి కాయల మీద చేరుతుంది. కోతలో గుత్తులతో కలిసిపోయిన ఒకటి రెండు ఆకులు చేసేది అంతకంటే ఎక్కువ. ఖమ్మం, ప్రకాశం జిల్లాల జామాయిల్ తోటల పక్కగా నడిచినవారికి ఆ వాసన వేరే చెప్పనక్కర్లేదు.

ద్రాక్ష జాతి వాసననే దోషమనడం మరో రకం తగువు. బెంగళూరు, నంది కొండల చుట్టుపక్కల పండే బెంగళూరు బ్లూ ద్రాక్ష అమెరికా లాబ్రుస్కా జాతి సంతతి. దానికి ద్రాక్ష చాక్లెట్ల వాసన ఉంటుంది. లాబ్రుస్కా ద్రాక్షకు ఆ గుణం తెచ్చే వాటిలో మిథైల్ ఆంత్రనిలేట్ ఒకటి. యూరప్‌వాళ్లు దాన్ని నక్క కంపు అన్నారు. ఆ కుదురుకే చెందిన ఇసబెల్లాతో సహా ఆరు రకాలను ఫ్రాన్సు 1934 చట్టంతో నిషేధించింది. మన బజారులో ఆ పండును ఇష్టంగా కొనుక్కుని తినే పిల్లలకు ఇది తెలిస్తే నవ్వుతారు.

వెలుతురు, వేడి

రంగులేని సీసాలోని తెల్ల వైన్‌ను, షాంపేన్‌ను ట్యూబ్‌లైటు కింద అరలో నిలబెడితే తడి ఉన్ని, ఉడికిన క్యాబేజీ వాసన పట్టుకుంటుంది. అందులోని రైబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్, 370, 440 నానోమీటర్ల దగ్గరి వెలుతురును పీల్చి, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి గంధకపు వాయువుల్ని పుట్టిస్తుంది. ముదురాకుపచ్చ గాజు దీన్ని చాలావరకు ఆపుతుంది, తెల్ల గాజు ఆపదు. రష్యా జారు రెండో అలెగ్జాండర్ కోసం 1876లో పుట్టిన క్రిస్టాల్ షాంపేన్ నేటికీ తెల్ల గాజులోనే వస్తుంది. దాన్ని నారింజ రంగు కాగితంలో చుట్టి అమ్మడానికి కారణం ఇదే.

మన ప్రాంతంలో మాత్రం మొదట అనుమానించాల్సింది వేడినే. వైన్‌ను 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంచాలంటారు. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 40 దాటడం మామూలు. నాసిక్ నుంచో విదేశం నుంచో వచ్చిన పెట్టె లారీలో ఒక మధ్యాహ్నం నిలబడినా, ఏసీ లేని కొట్టులో వేసవి గడిపినా ఎర్ర వైన్ ఉడికించిన ఎండుద్రాక్ష, జామ్ వాసనకు తిరుగుతుంది. లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది. సీసా కొనేముందు మూత భాగాన్ని వేలితో తడిమి చూడడం మంచిది: బిరడా మెడ అంచు కంటే ఎత్తుగా ఉన్నా, జిగట కారి ఎండిన మరక కనిపించినా ఆ సీసా వద్దు. ఇక్కడ కొన్న సీసాలో పండు వాసన లేకపోతే చాలామంది బిరడాను నిందిస్తారు. ఎక్కువసార్లు అసలు దోషి కొట్టులోని వేడి.

గ్లాసు దగ్గర

అగరువత్తి, తాలింపు, అత్తరు లేనిచోట వాసన చూడాలి. గ్లాసును మూడోవంతుకు మించి నింపరాదు. అల్మరాలో బోర్లించిన గ్లాసు తానే చెక్క వాసన పట్టి ఉండవచ్చు, ముందు ఖాళీ గ్లాసు వాసన చూడాలి. మొదటి పీల్పుదే తీర్పు; టి.సి.ఏ. విషయంలో ముక్కు రెండు మూడు నిమిషాల్లోనే అలవాటుపడి ఏమీ లేదంటుంది. వైన్ మరీ చల్లగా ఉంటే దోషం దాక్కుంటుంది.

ఆ తర్వాత గ్లాసు తిప్పి పది నిమిషాలు ఆగాలి. అగ్గిపుల్ల ఘాటు, కోడిగుడ్డు కంపు తగ్గుముఖం పడతాయి. అట్టపెట్టె వాసన ఇంకా పెరుగుతుంది. నెయిల్ పాలిష్ వాసన, గుర్రపుశాల వాసన అలాగే ఉంటాయి. ఒక్క ఈ ఎదురుచూపుతోనే సగం దోషాలు విడిపోతాయి. పేర్లు పెట్టడంలో తడబడేవారికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన ఆన్ నోబుల్ 1984లో తన సహచరులతో కలిసి ప్రతిపాదించిన వాసనల పట్టిక ఒక దారి. ఆ తర్వాత అది చక్రం రూపంలో ప్రసిద్ధమైంది. అందులోని పోలికలు చాలావరకు అమెరికా వంటింటివి. తెలుగువారు మెంతులు, గోనెసంచి, బాస్మతి, జామాయిల్ అని తమ సొంత పట్టిక రాసుకోవడమే మేలు.

ఈ దోషాల్లో ఏదీ వైన్‌లో ఉండే మోతాదులో విషం కాదు. రెస్టారెంటులో సీసా తెరిచి గ్లాసు అడుగున కాస్త పోసి మీ ముందు పెట్టేది దోషం ఉందో లేదో చూడమని. అట్టపెట్టె వాసనో, వినెగారు వాసనో తగిలితే మొహమాటపడకుండా చెప్పండి. సీసా మార్చి ఇవ్వడం మంచి రెస్టారెంట్ల ఆనవాయితీ. వాసన శుభ్రంగా ఉండి రుచి మీకు నచ్చకపోతే మాత్రం ఆ సీసాకు డబ్బు కట్టాల్సిందే.